బ్రిటిష్ కాలం శిస్తుల మీద పీహెచ్‌డీ చేస్తానంటే పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ రెండో ఏడు. వలస పాలన ప్రభావం ఇప్పటి అభివృద్ధి మీద ఎంతుందో పరిశోధన చేస్తానంటోంది. భవిష్యత్తు ఉంటుందా, ఎంబీఏ చేయించమంటారా? - ఒక తండ్రి, అనంతపురం

ఉంటుందండీ. 2024లో ఎకనామిక్స్ నోబెల్ ఈ తరహా పరిశోధనకే వచ్చింది. కాకపోతే దారి పొడవు, పైగా ఇది చరిత్ర మీద ఇష్టం ఒక్కదానితో నడిచే పని కాదు.

మీ జిల్లానే చూడండి. 1800లో నిజాం వదులుకున్న దత్త మండలాల్లో బ్రిటిష్ అధికారి థామస్ మన్రో కలెక్టరుగా ఉండి రైతు దగ్గరే నేరుగా శిస్తు కట్టించుకునే రైతువారీ పద్ధతి నడిపాడు, అదే కోస్తాలోని ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి జమీందారీలు వచ్చాయి. జమీందారీ జిల్లాలు స్వాతంత్ర్యం వచ్చాక కూడా దిగుబడిలో, చదువుల్లో వెనకబడ్డాయని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో లెక్కలతో చూపించారు. మరి జమీందారీలున్న గోదావరి వైపు పచ్చగా ఉండి, రైతువారీ అనంతపురం ఎందుకు ఎండిపోయింది? వాన ఎంత, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఎంత, శిస్తు పద్ధతి ఎంత అని విడదీసి చూపించడమే మీ అమ్మాయి చేయబోయే ఉద్యోగం.

దానికి మ్యాథ్స్ కావాలి. క్యాలిక్యులస్, ప్రాబబిలిటీ, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో తేల్చే పద్ధతులు) ఇప్పట్నుంచే గట్టిగా పట్టమనండి, ఇక్కడ తేలిపోతే మిగతా తెలివంతా ఉన్నా అక్కరకు రాదు. తర్వాత ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ), ముంబైలోని ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్ (ఐజీఐడీఆర్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట మాస్టర్స్, ఆపైన ఒకట్రెండేళ్లు ఎవరైనా ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌గా పని. అమెరికాలో పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుంది, అయితే మంచి యూనివర్సిటీలు ఫీజు తీసేసి స్టైపెండ్ ఇస్తాయి కాబట్టి పొలం తాకట్టు పెట్టే పని లేదు. మాస్టర్స్ కోసం లక్షలు అప్పు చేసి విదేశాలకు పంపడం మాత్రం నేను వద్దనే అంటాను.

ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ విపరీతం, ఆ టెన్షన్ ఉంటుంది. అక్కడ కుదరకపోయినా ఆర్‌బీఐ, ప్రపంచ బ్యాంకు, పాలసీ పరిశోధన సంస్థలు ఇలాంటి పీహెచ్‌డీలను తీసుకుంటాయి.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. 1905 నాటి అనంతపురం గెజిటీర్ (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకం), పాత జనాభా లెక్కల పుస్తకాలు ముందేసుకుని ఒక్క తాలూకాకు మెట్ట ఎంత, మాగాణి ఎంత, శిస్తు ఎంత అని దొరికినంతవరకు ఎక్సెల్‌లో ఎక్కించమనండి. అంకెలు కలవని చోట విసుగొచ్చి వదిలేస్తుందా, ఎందుకు కలవలేదని రాత్రిదాకా వెతుకుతుందా, అది చూసి ఎంబీఏ సంగతి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.