ప్రెస్ షాపులో చేరే ముందు ఒక గంట అక్కడ నిలబడి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేశాడు. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపువాళ్లు హెల్పర్‌గా రమ్మన్నారు. షీటు కోసే షేరింగ్ మెషిన్, షీటుని అచ్చులో నొక్కే పవర్ ప్రెస్‌లు, షీటు వంచే ప్రెస్ బ్రేక్ ఉన్నాయట. వేళ్లు పోతాయని చుట్టాలు భయపెడుతున్నారు. పంపమంటారా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ భయంలో నిజం ఉంది. పనీ మంచిదే. అయితే షాపును చూడకుండా ఒప్పుకోవద్దు. పని నడిచే వేళ మీ అబ్బాయిని ఒక గంట అక్కడ నిలబడి చూసి రమ్మనండి.

ముందుగా పవర్ ప్రెస్. పాతవాటిలో కీ క్లచ్‌వే ఎక్కువ, అంటే తిరిగే ఫ్లైవీల్‌కి (బరువైన చక్రానికి) ప్రెస్‌ని ఒక ఇనుప కీతో జోడించేవి. పెడల్ నొక్కి కీ పడిందంటే ర్యామ్, అంటే కిందికి దిగి కొట్టే భాగం, దిగి మళ్లీ పైకి వచ్చే పూర్తి స్ట్రోక్ అయ్యేదాకా ఆగదు. మధ్యలో మోటార్ కట్టేసినా ఫ్లైవీల్ ఊపు దాన్ని కిందికి దింపేస్తుంది. కీ అరిగినా, స్ప్రింగ్ విరిగినా, పెడల్ ముట్టుకోకుండానే ఇంకో స్ట్రోక్ పడుతుంది. సరిగ్గా అప్పుడే జాబ్ (తయారయ్యే ముక్క) తీయడానికి చెయ్యి డైలో (అచ్చులో) ఉంటే తప్పించుకునే వీలుండదు. ఇలాంటి ప్రెస్‌కి చెయ్యి అడ్డొస్తే ఆపే సెన్సార్ బిగించినా లాభం లేదు, అది ఆపమన్నా ప్రెస్ ఆగదు కాబట్టి. డై చుట్టూ వేలు దూరని గార్డు ఉండాలి, జాబ్‌ని పట్టకారుతో పెట్టి తీయాలి. రెండు చేతులతో నొక్కితేనే దిగే బటన్లున్న ప్రెస్ అయితే వాటి దగ్గరికి వెళ్లి చూడమనండి. ఒక బటన్‌కి టేపు చుట్టో, చెక్కముక్క దోపో ఉంటే ఆ షాపు వద్దు. జీతం ఎంతిచ్చినా వద్దు.

ప్రెస్ బ్రేక్‌లో భద్రతకీ, పని నాణ్యతకీ లెక్క ఒకటే. మైల్డ్ స్టీల్‌కి (మామూలు ఉక్కు షీటుకి) డై గాడి వెడల్పు షీటు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. 3 మి.మీ. షీటుకి 24 మి.మీ. డై, వంచడానికి మీటరు పొడవుకి సుమారు 24 టన్నుల బలం. అదే షీటుని 16 మి.మీ. డైలో వంచితే ఆ బలం (టన్నేజీ) ఒకటిన్నర రెట్లవుతుంది, డై పగిలే ప్రమాదం ఉంది. 24 మి.మీ. డైలో ఫ్లాంజ్ (వంచే అంచు) కనీసం 17 మి.మీ. ఉండాలి. తగ్గితే అంచు డైలోకి జారుతుంది, కుర్రాడు దాన్ని నిలబెట్టాలని వేళ్లు లోపలికి తోస్తాడు. చిన్న ఫ్లాంజ్ వస్తే డ్రాయింగ్ ఇచ్చినవాళ్లని అడగాలి, లేదా చిన్న డైకి టన్నేజీ చాలుతుందో లెక్క చూడాలి. ఇంకో సంగతి, వంగేటప్పుడు షీటు ముందుభాగం పైకి లేస్తుంది. చెయ్యి షీటు కింద ఉండాలి. పైన పెడితే షీటుకీ, పంచ్ ఉండే పై బీముకీ మధ్య నలుగుతుంది.

షేరింగ్‌లో బ్లేడ్ల మధ్య సందు మందంలో 5 నుంచి 7 శాతం, అంటే 3 మి.మీ. షీటుకి 0.15 నుంచి 0.2 మి.మీ. సందు పెరిగినా, బ్లేడు మొండైనా కోసిన అంచున బర్ర్ (పదునైన గరుకు) లేస్తుంది. అది చేతులు కోయడంతో ఆగదు. ప్రెస్ బ్రేక్‌లో కొలత కోసం షీటు ఆనించే బ్యాక్ గేజ్‌కి బర్ర్ తగిలితే కొలత తప్పి మొత్తం లాట్ పోతుంది. మెషిన్ నడుస్తుండగా ముక్కలు పడే వెనకవైపుకి ఎవరూ వెళ్లకూడదు.

చేతి తొడుగులు షీటు మోసేటప్పుడు తప్పనిసరి, డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర నిషేధం. తిరిగే బిట్‌కి తొడుగు చిక్కిందంటే చెయ్యి వెంట పోతుంది. 4 అంగుళాల గ్రైండర్ గార్డు పీకేసి 7 అంగుళాల వీల్ తగిలించే అలవాటు ఇంకా ఘోరం. ఆ వీల్ తట్టుకునేది 8,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), ఆ గ్రైండర్ తిరిగేది 11,000 చుట్టూ.

డై మార్చేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయాలి, తాళంచెవి మార్చేవాడి జేబులోనే ఉండాలి. ర్యామ్ కింద దిమ్మె పెట్టాలి.

షాపు బాగుంటే చేరమనండి. కానీ పెడల్ తొక్కే పనిలోనే ఉండిపోవద్దు. డై సెట్టింగ్, బెండ్ కొలతల లెక్క, ఫస్ట్ పీస్ చెకింగ్ (మొదటి ముక్క కొలిచి చూడడం), డ్రాయింగ్ చదవడం నేర్చుకుంటే సెట్టర్ (మెషిన్ అమర్చేవాడు) అవుతాడు, తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ ప్రెస్ బ్రేక్‌కి దారి దొరుకుతుంది. అప్రెంటిస్‌షిప్‌కీ దరఖాస్తు చేయించండి. స్టీల్ ప్లాంట్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ నోటిఫికేషన్లు వదలకండి. నాకైతే మొదట అటే ప్రయత్నించడం మేలనిపిస్తుంది, అక్కడ ఒక పద్ధతిలో నేర్పుతారు. ఆటోనగర్‌లోనే చేరితే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబరు మొదటి నెలలోనే అడిగి తీసుకోండి. పదిమంది, అంతకుమించి పనిచేసే షాపులో 21,000 లోపు జీతానికి అది హక్కు.