ఫిష్ ప్లేటు నట్లు పదేపదే లూజవుతుంటే ముందు జాయింటును చూడండి

మీది సిమెంటు ఫ్యాక్టరీ సైడింగు, అంటే మెయిన్ లైను నుంచి ఫ్యాక్టరీలోకి వచ్చే పక్క లైను. పట్టాల చివర్లకు రెండు పక్కలా ఫిష్ ప్లేట్లనే ఇనుప పలకలు వేసి బోల్టులతో బిగించిన జాయింట్లు. నట్లు బిగించిన పది రోజులకే మళ్లీ లూజు. స్ప్రింగ్ వాషర్లు రెండేసి వేసినా ఫలితం లేదు. ఇక నట్టును బోల్టుకు వెల్డింగు కొట్టేద్దామని మీ మెకానికల్ వాళ్లు అంటున్నారు, కొట్టొచ్చా అని అడిగారు. కొట్టకండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడవవుతుంది.

నేను రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమాన్‌గా, ఆ తర్వాత మేటుగా, అంటే గ్యాంగు పెద్దగా చేసి రిటైరయ్యాను. రిటైరయ్యాక నాలుగేళ్లు పల్నాడు వైపు ఒక ఫ్యాక్టరీ సైడింగు చూసుకున్నాను. కీమాన్ అంటే తన వంతు లైనంతా రోజూ నడిచి చూసేవాడు. వెళ్లేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. చేతిలో సుత్తి, భుజాన స్పానరు. మెయిన్ లైన్లో ఇప్పుడు చాలావరకు పొడవాటి వెల్డింగు పట్టాలే కాబట్టి ఈ బాధ తగ్గింది. సైడింగుల్లో, యార్డుల్లో మాత్రం పాత కథే నడుస్తోంది.

ముందు ఒక సంగతి. ఫిష్ ప్లేటు పట్టా నడుం భాగానికి ఆనుకుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆనదు. పైన పట్టా తల కింది వాలుకు, కింద పాదం పై వాలుకు మధ్య చీలలా ఇరుక్కుని కూర్చుంటుంది. బోల్టు పని ఆ రెండు చీలలను లోపలికి లాగి పట్టుకోవడం, అంతే. పట్టాలో రంధ్రం బోల్టు కంటే పెద్దగా ఉండేది అందుకే. ఎండకు పట్టా సాగినప్పుడు బోల్టుకు తగలకుండా జరగాలి. (పేరులో చేప ఎందుకొచ్చిందని మా గ్యాంగులో కొత్తవాళ్లు అడిగేవాళ్లు. ఓడ తెరచాప కొయ్య విరిగితే పక్కన చెక్క వేసి కట్టడాన్ని ఇంగ్లీషు నావికులు ఫిష్ చేయడం అనేవారు. 1847లో విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ ఈ పలకలకు పేటెంటు తీసుకున్నాడు, ఆ పేరే పట్టాలకూ వచ్చింది.)

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. బోల్టు లూజైందంటే రెండు రకాలు. ఒకటి, నట్టు నిజంగానే వెనక్కి తిరగడం. రెండోది, నట్టు ఉన్నచోటే ఉండి, ఫిష్ ప్లేటు అరిగి లోపలికి జరగడం వల్ల బోల్టులో బిగువు పోవడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం వేరు. మీ వాళ్లు రెండో జబ్బుకు మొదటి జబ్బు మందు వేస్తున్నారని నా అనుమానం.

తేల్చుకోవడానికి పది రూపాయల పని చాలు. బిగించిన వెంటనే తెల్ల పెయింటుతో ప్లేటు మీద నుంచి వాషరు, నట్టు, బోల్టు కొస దాకా ఒకే గీత గీయండి. వారం తర్వాత చూడండి. గీత విరిగి పక్కకు జరిగితే నట్టు తిరిగింది. గీత అలాగే ఉండి, సుత్తితో తడితే బోల్టు మొద్దుగా మోగిందా, నట్టు తిరగలేదు, జాయింటు అరిగింది. బిగువుగా ఉన్న బోల్టు ఖంగుమంటుంది, లూజైంది డబ్బా కొట్టినట్టు పలుకుతుంది. నాలుగు రోజులు చేస్తే చెవికి అలవాటవుతుంది. ప్లేటు అంచుల వెంట కుంకుమ రంగు పొడి రాలుతుంటే ఇనుము ఇనుముతో ఒరుసుకుంటోందని అర్థం.

నేను చూసిన సైడింగులో వే బ్రిడ్జికి ఇవతల ఒక జాయింటు ఉండేది. మిగతావన్నీ నెలకోసారి చూస్తే సరిపోయేవి, ఇది మాత్రం మూడో రోజుకే లూజు. బోల్టులు మార్చాం, వాషర్లు మార్చాం, చెక్ నట్లు (నట్టు మీద వేసే రెండో నట్టు) వేశాం. చివరికి గీత గీశాను. పది రోజులైనా గీత చెక్కుచెదరలేదు, బోల్టు మాత్రం లూజు! అప్పుడు బండి వస్తుంటే దూరంగా నిలబడి జాయింటునే చూశాను. ప్రతి చక్రానికీ పట్టా చివర కిందికి కుంగుతోంది, పట్టా కింది అడ్డదిమ్మె, అదే స్లీపరు, కింద నుంచి బూడిద రంగు నీళ్లు చిమ్ముతున్నాయి. స్లీపరు కింద డొల్ల. సిమెంటు దుమ్ము కంకరలోకి దిగి, వానకు తడిసి గడ్డకట్టి, నీరు పోయే దారి మూసుకుపోయింది. అడుగున బురద. జాయింటు ఊయల ఊగుతుంటే నట్టు ఏం చేస్తుంది పాపం!

రెండు రోజులు సైడింగు ఆపించి, జాయింటుకు అటూ ఇటూ నాలుగేసి స్లీపర్ల మేర కంకర తవ్వి తీశాం. జల్లెడ పట్టి, దుమ్ము పారేసి, కొత్త కంకర కలిపి స్లీపర్ల కింద గట్టిగా దట్టించి ప్యాకింగు చేశాం. పక్కన కాలువ తీసి నీటికి దారి ఇచ్చాం. ప్లేట్లు విప్పి చూస్తే వాలు అంచుల్లో, సరిగ్గా పట్టా చివర్లు కలిసే చోట, గుంట పడి ఉంది. కొత్త ప్లేట్లు వేశాం. అవే బోల్టులు, వాషరు ఒక్కొక్కటే. ఆ తర్వాత ఆ జాయింటు కూడా మిగతావాటిలాగే నెలకోసారి చూసే జాబితాలోకి వచ్చింది.

అందుకే అంటున్నా, మీరు ఇంకా ఏదైనా కొనేముందు బండి నడుస్తుండగా జాయింటును చూడండి. దూరంగా నిలబడే సుమా, వంగి కాదు.

ఇక మొదటి రకం సంగతి, నట్టు నిజంగా తిరగడం. 24 ఎంఎం బోల్టుకు మర వాలు సుమారు రెండున్నర డిగ్రీలే. ఇనుము మీద ఇనుము జారాలంటే ఎనిమిది డిగ్రీల వాలైనా కావాలి. కాబట్టి కదలిక లేకపోతే నట్టు దానంతట అది జారదు. బోల్టుకు అడ్డంగా పలక అటూ ఇటూ జరిగితేనే ఆ రాపిడి పట్టు తప్పి, నట్టు కొంచెం కొంచెంగా వెనక్కి తిరుగుతుంది. 1969లో జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ ఈ అడ్డ కదలిక సంగతినే పరీక్ష పెట్టి చూపించాడు. బోల్టు నిలువునా అదరడం కంటే ఇదే పెద్ద శత్రువు. అంటే బిగువు చాలినంత ఉండి పలక జరగకుండా ఉంటే నట్టు తిరగదు. ఇక్కడా కథ మళ్లీ జాయింటు దగ్గరికే వచ్చింది చూశారా.

మీరు రెండు స్ప్రింగ్ వాషర్లు వేశామన్నారు. ఒకటి తీసేయండి. సరైన బిగువులో సగం కూడా రాకముందే ఆ వాషరు చదునై మామూలు రేకు అయిపోతుంది. యుంకర్ లాంటి పరీక్షల్లో అది నట్టును ఆపలేకపోయింది. మరి రైల్వే ఎందుకు వేస్తుందంటే, ప్లేటు కాస్త అరిగినప్పుడు ఆ కొంచెం ఖాళీని అందుకోవడానికి పనికొస్తుంది. ఒకటి ఉండనివ్వండి. రెండు వేస్తే జారే అంచులు పెరగడం తప్ప లాభం లేదు.

బిగించే తీరు గురించి. ముందు లోపలి రెండు బోల్టులు, తర్వాత చివరి రెండు. మళ్లీ ఒకసారి లోపలివి చూసుకోవాలి, ఎందుకంటే చివరివి బిగిసేసరికి లోపలివి వదులవుతాయి. బిగిస్తూ ప్లేటును సుత్తితో తడుతుంటే చీల సరిగ్గా కూర్చుంటుంది. 25 ఎంఎం ఫిష్ బోల్టుకు సుమారు రెండున్నర అడుగుల స్పానరు, ఒక మనిషి బలం. అంతకు మించొద్దు.

ఈ మాట నేను తన్నులు తిని నేర్చుకున్నదే. కీమాన్‌గా కొత్తలో, బిగువు ఎక్కువైతే మంచిదే కదా అని స్పానరుకు నాలుగడుగుల పైపు తొడిగి బిగించేవాణ్ని. మా మేటు, అందరం పెద్దయ్య అనేవాళ్లం, చూసి ఆ పైపు లాక్కుని పక్క కాలువలోకి గిరాటేశాడు. "ఒరే, పట్టాకు ఊపిరాడనివ్వరా" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. మే నెలలో అర్థమైంది. నేను బిగించిన చోట రెండు జాయింట్లు బిగుసుకుపోయి జరగక, పట్టా పక్కకు వంపు తిరిగింది. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల తేడాకు దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం పట్టా వేడి గాలి వేడి కంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఆ 6 మిల్లీమీటర్లకు చోటు లేకపోతే పట్టా తన దారి తను చూసుకుంటుంది. పైగా పైపు పెట్టి లాగితే బోల్టు సాగి, మర పాడై, మర్నాటికే లూజవుతుంది.

కొత్తగా బిగించిన జాయింటును అక్కడితో వదలకండి. రంగు, తుప్పు, పొలుసులు అణిగిపోయి మొదటి కొన్ని బండ్లకే బిగువు కొంత పడిపోతుంది. మొదటి గూడ్సు బండి వెళ్లాక ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి బిగించాలి. మీ పది రోజుల లూజులో సగం ఇదే కావొచ్చు.

నూనె గురించి గొడవ ఎప్పుడూ ఉండేదే. నూనె రాస్తే నట్టు జారిపోదా అని మీవాళ్లు కూడా అడుగుతారు. జారదు. తుప్పు పట్టిన మర మీద మీరు స్పానరుకు పెట్టే బలమంతా రాపిడికే ఖర్చవుతుంది. మామూలుగానే పదో వంతు మాత్రమే బోల్టును లాగుతుంది, తుప్పులో అదీ ఉండదు. చేతికి బిగిసినట్టు అనిపిస్తుంది, లోపల బిగువు ఉండదు. అందుకే రైల్వేలో ఏడాదికోసారి, అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు, ప్లేట్లు విప్పి తీగ బ్రష్షుతో తోమి గ్రాఫైటు రాస్తారు. లెక్క వంద జాయింట్లకు ఐదు కిలోల గ్రాఫైటు, మూడున్నర లీటర్ల కిరోసిన్. బోల్టులకు, నట్లకు నల్ల నూనె. నడి ఎండలోనూ, గడ్డకట్టే చలిలోనూ ఈ పని చేయరు.

ఆ విప్పిన రోజే రంధ్రాల చుట్టూ భూతద్దం పెట్టి చూడాలి. ఏళ్ల తరబడి లూజుగా ఊగిన జాయింటులో రంధ్రం అంచు నుంచి ఏటవాలుగా పగుళ్లు బయలుదేరతాయి, నక్షత్రంలా. ఎవరైనా గ్యాసు కట్టరుతో రంధ్రం పెట్టి ఉంటే ఆ పట్టా ఇంకా అనుమానం. అలాంటిది కనిపిస్తే బిగించి ఊరుకోవద్దు, పట్టా మార్చాలి. సైడింగులో స్పీడెంత, ఏమవుతుందిలే అనుకోవద్దు. స్పీడు మీద జరిగితే ఏమవుతుందో 2013 జూలై 12న ఫ్రాన్సులో, పారిస్ దగ్గరి బ్రెతిన్యీ-సుర్-ఓర్జ్ స్టేషనులో చూశారు. ఒక పట్టా ఇంకో పట్టాను దాటే క్రాసింగు దగ్గర ఫిష్ ప్లేటు బోల్టులు ఊడిపోయి, మిగిలిన ఒక్క బోల్టు చుట్టూ ప్లేటు తిరిగి క్రాసింగులో పడింది. రైలు పట్టాలు తప్పింది, ఏడుగురు చనిపోయారు.

ఇప్పుడు మీ వెల్డింగు ప్రశ్న. ఫిష్ బోల్టు ఉక్కుకు ఆర్క్ వేడి తగిలితే ఆ చోట పెళుసవుతుంది, బండి బరువుకు పుటుక్కున విరుగుతుంది. విరగకపోయినా, వచ్చే చలికాలం ప్లేటు విప్పాలంటే కట్టరే గతి. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఇప్పుడు నట్టు లూజై మీకు కబురు చెబుతోంది. నట్టును వెల్డు చేస్తే ప్లేటు అరుగుతూనే ఉంటుంది, డొల్ల పెరుగుతూనే ఉంటుంది, చెప్పే నోరు మాత్రం కట్టేసినట్టవుతుంది.

జాయింటు బాగు చేశాక కూడా గీత జరుగుతుంటే అప్పుడు లాకింగు గురించి ఆలోచించండి. చెక్ నట్టు వేస్తే పల్చటిది కింద, మందంది పైన. చాలామంది తిరగేసి వేస్తారు. పైది బిగించేటప్పుడు కింద నట్టును రెండో స్పానరుతో పట్టుకోవాలి, లేకపోతే రెండూ కలిసి తిరుగుతాయి. మామూలు ఫిష్ బోల్టుకు దీనికి చాలినంత మర ఉండదు, ముందే కొలిచి చూసుకోండి. పళ్లున్న జంట చీల వాషర్లు బాగా పనిచేస్తాయి, ఖరీదెక్కువ. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్లో వాడే హార్డ్ లాక్ నట్టు కూడా ఇలాంటిదే, రెండు నట్ల మధ్య చీల దిగినట్టు బిగుస్తుంది. నైలాన్ నట్లు మాత్రం వద్దు, ఏడాదికోసారి విప్పే చోట ఆ నైలాన్ పట్టు నిలవదు. ఇంకొకటి, మీ స్టోర్లో బజారు హెక్స్ బోల్టులు ఉంటే పక్కన పెట్టేయండి. ఫిష్ బోల్టు తల ప్లేటులో ఇమిడి తిరగకుండా ఉంటుంది, బజారు బోల్టు తల నట్టుతో పాటే గిరగిర తిరుగుతుంది.

బడ్జెటు ఉంటే అన్నిటికంటే మంచి మందు జాయింటునే తీసేయడం. మూడు పట్టాలను థర్మిట్ వెల్డింగుతో (చివర్ల మధ్య కరిగిన ఉక్కు పోసి అతికించడం) కలిపి దాదాపు 39 మీటర్ల ముక్క చేస్తే మూడు జాయింట్లలో రెండు పోతాయి. రంధ్రాలున్న చివర్లు కోసేసి వెల్డింగు చేయించాలి, పని తెలిసిన వెల్డరుతోనే.

పని చేసేటప్పుడు రెండు వైపులా ఎర్ర జెండా పెట్టండి, చూడటానికే ఒక మనిషిని నిలబెట్టండి, ఆ రోజు బండి రాదని రాతపూర్వకంగా తీసుకోండి. షంటింగు వాళ్లు ఫోన్లో చెప్పారు కదా అని దిగొద్దు.

మీ స్లీపర్లు చెక్కవా, కాంక్రీటువా రాయలేదు. చెక్కవైతే జాయింటు పక్కన రెండూ పుచ్చిపోయి ఉండొచ్చు, గునపంతో పొడిచి చూడండి. పది రోజుల తర్వాత ఆ తెల్ల గీతల ఫొటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.