పొట్టేలును కోతకు పంపే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతో పంపిన కాగితాలు అందాయి. ఉదయగిరి వైపు రైతు దగ్గరున్న జోడిపి రకం పొట్టేలు వీర్యపు ద్రవంలో ఏఎస్‌టీ, ఎల్‌డీహెచ్ అనే ఎంజైములు రెండూ ఎక్కువగా వచ్చాయని, మందలోంచి తీసేయమని చెప్పమంటావా అని అడిగావు. వద్దు, ఇంకా చెప్పకు. ఎందుకంటున్నానో కాస్త ఓపికగా చదువు.

ఆ ఎంజైముల చోటు శుక్రకణం లోపల. పైపొర గట్టిగా ఉన్నంతవరకు చాలా భాగం అక్కడే ఉంటాయి. పొర దెబ్బతింటే బయటికి కారి చుట్టూ ఉన్న ద్రవంలో చేరతాయి. గాదె కింద గింజలు కనబడితే గాదెకు చిల్లు పడిందని అనుకుంటాం కదా, ఇదీ అంతే. అయితే ఆ చిల్లు పొట్టేలు ఒంట్లోనే పడిందా, నీ చేతిలోకి వచ్చాక పడిందా? ఆ సంగతి కాగితం మీది అంకె చెప్పదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో నేనూ నీలాగే పొట్టేలు వీర్యం తీశాను. మే నెల. సీసాను స్కూటరు పెట్టెలో పెట్టుకుని బయలుదేరితే దారిలో ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోందన్నారు. అక్కడ మూడు గంటలు గడిచాయి. తర్వాత పరీక్ష చేస్తే అంకెలు ఆకాశంలో ఉన్నాయి. పనికిరాదని చెప్పేశాను. రైతు నా మాట నమ్మి దాన్ని కోతకు అమ్మేశాడు. ఆ పొట్టేలు చివరి వారంలో దాటిన ఆరు గొర్రెల్లో ఐదు, ఐదు నెలలు తిరిగేసరికి ఈనాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లల్ని చూపించి, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు.

కాబట్టి ముందు నీ చేతుల సంగతి చూసుకో. పొట్టేలు ఎక్కే సమయానికి వీర్యం పట్టే కృత్రిమ యోని లోపల వేడి 42 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. సేకరించే గొట్టాన్ని కూడా వెచ్చగా ఉంచుకుని, అరచేతిలో మూసి పట్టుకో. వెచ్చటి వీర్యం చల్లటి గాజుకు తగిలితే పొరలు అక్కడికక్కడే దెబ్బతింటాయి. కదలిక వెంటనే చూడు. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ద్రవాన్ని వేరు చేయి. కణాలతో కలిపి ఉంచినంతసేపూ కారుతూనే ఉంటుంది. ఎర్రజీర కనబడితే ఆ నమూనా పారబోయి. ఎర్ర రక్తకణాల నిండా ఎల్‌డీహెచ్ ఉంటుంది. చాలా రోజులు విశ్రాంతిగా ఉన్న పొట్టేలు మొదటిసారి ఇచ్చే వీర్యంలో ముసలి కణాలు, చచ్చిన కణాలు ఎక్కువ. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా రెండోదాన్ని చూడు.

నీ కాగితంలో ఒక లోటు కనిపించింది. కణాల సంఖ్య రాయలేదు. చిక్కటి వీర్యంలో కణాలు ఎక్కువ కాబట్టి కారేదీ ఎక్కువే. నీళ్లలా పలచగా ఉన్న వీర్యం ఈ పరీక్షలో దొరలా నెగ్గుకొస్తుంది! అందుకే వంద కోట్ల కణాలకు ఎంత అని లెక్కకట్టాలి. పుస్తకంలోని అంకెతో పోల్చడం కూడా నాకు నచ్చదు. ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారు, ఏ కిట్టు వాడారు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. మీ చుట్టుపక్కల బాగా చూడి కట్టిస్తాయని పేరున్న పది పొట్టేళ్లవి నువ్వే తీసి, నువ్వే కొలిచి, ఒక నోటుపుస్తకంలో రాసుకో. నీ కొలబద్ద అదే.

ఇయోసిన్-నైగ్రోసిన్ రంగు వేసి బతికినవెన్ని, చచ్చినవెన్ని అని లెక్కపెట్టడం మానకు. చచ్చిన కణాలు ఊరికే పడి ఉండవు. వాటిలోని ఒక ఆక్సిడేజ్ ఎంజైము కొన్ని అమినో ఆమ్లాల మీద పనిచేసి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. అది పక్కనున్న బతికిన కణాలను కుంగదీస్తుంది. దాన్ని విరగ్గొట్టే కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ వంటి ఎంజైములు ఉన్నా, వాటి శక్తికి ఒక హద్దుంది. ఈ రెండోదానికి సెలీనియం కావాలి. అలాగని సూదిమందు చేతపట్టకు, సెలీనియం కాస్త ఎక్కువైనా విషమే. మంచి ఖనిజ లవణ మిశ్రమం చాలు.

అన్నిటికంటే ముఖ్యం పంచాంగం. నవ్వకు. పొట్టేలులో కణం తయారు కావడానికి దాదాపు ఏడు వారాలు, అక్కడి నుంచి వృషణాన్ని అంటుకుని ఉండే చుట్టల గొట్టం, ఎపిడిడిమిస్, దాటడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. ఆ ఎండకు దెబ్బతిన్నది జూలై చివర సీసాలో కనిపిస్తుంది. నువ్వు తీసింది సరిగ్గా అప్పుడే. వేసవిలో దానికి నీడ ఉందా, జ్వరం వచ్చిందా అని రైతును అడిగావా? శీతాకాలపు వానల్లో నీలి నాలుక రోగం వచ్చి తగ్గినా ఇదే వరస. పశువు తేరుకుని మేత మేస్తున్నప్పుడు వీర్యం చెడిపోయి కనిపిస్తుంది.

మేత కూడా అడుగు. పత్తిగింజల చెక్క ఎక్కువగా పెడుతుంటే తగ్గించమను. అందులోని గాసిపోల్ అనే విషపదార్థం కణం మధ్యభాగాన్ని దెబ్బతీస్తుంది, వృషణాలకే ప్రత్యేకమైన ఎల్‌డీహెచ్ రకాన్నీ అడ్డుకుంటుంది. ప్రకాశం వైపు వెళితే సుబాబుల్ నరికిన చేలల్లో మందలను తోలుతుంటారు. నాలుగు రోజులు ఫరవాలేదు గానీ అదే ప్రధాన మేతైతే అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ ఉబ్బుతుంది.

ఇవన్నీ అయ్యాక కాదు, వీటన్నిటికంటే ముందు, చేతికి తొడుగు వేసుకుని వృషణాలు తడిమి చూడు. రెండూ సమంగా, గట్టిగా, అటూ ఇటూ జారుతూ ఉండాలి. ఎపిడిడిమిస్ తోకలో గడ్డ తగిలితే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి సోకిందేమోనని అనుమానించు. అప్పుడు ఎంజైముల గొడవే అక్కరలేదు.

మేకపోతు వీర్యం గుడ్డుసొన ద్రావణంలో నిలవట్లేదని ఉత్తరం చివర రాశావు. తప్పు నీది కాదు. మేకపోతు కౌపర్ గ్రంథి నుంచి వచ్చే ఫాస్ఫోలిపేజ్ అనే ఎంజైము సొనలోని లెసిథిన్ అనే కొవ్వును విడగొడుతుంది. అలా పుట్టిన లైసోలెసిథిన్ కణాలకు విషం. వీర్యాన్ని కడిగి ద్రవాన్ని తీసేయి, లేదా సొన బాగా తగ్గించు.

ఒంగోలు గిత్తల వాళ్లతో మాత్రం మాట జాగ్రత్త. బండలాగుడులో గెలిచిన గిత్త వీర్యం బాగాలేదంటే ఇంటి పరువు పోయినట్టు బాధపడతారు. వాటిలో కణం తయారీకే రెండు నెలలు, పైన పది రోజులు. కాబట్టి డెబ్బై రోజులాగి మళ్లీ చూద్దామని చెప్పు. అది నిజం కూడా.

ఇక నీ పొట్టేలు. దాన్ని వేపచెట్టు కింద కట్టించి, పత్తిగింజల చెక్క పెడుతుంటే మాన్పించు. ఈలోగా మందకు వేరే పొట్టేలును అరువు తెచ్చుకోమను. సెప్టెంబరు చివర వారం తేడాతో రెండుసార్లు తీసి, కణాల సంఖ్యతో సహా నాకు పంపు. అప్పటికీ చచ్చినవే ఎక్కువగా ఉండి, అంకెలు దిగకపోతే రైతు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.

నీ మామయ్య