టెక్ సందేహాలు: హద్దురాళ్లు పక్క షీట్‌లో ఉంటే 1004 ఎర్రర్

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తిలో గుమస్తాగా పని చేస్తున్నాను. ఎక్సెల్‌లో తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు చీటీ) షీట్‌లోని వరుసలను ఖాతా షీట్‌లోకి తెచ్చే మాక్రో (పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాం) రాసుకున్నాను. తక్‌పట్టీ షీట్ తెరిచి నడిపితే పని చేస్తుంది. ఖాతా షీట్‌లో ఉండి నడిపితే 1004 ఎర్రర్ వస్తుంది. ఎందుకు? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు పంపిన కోడ్‌లో వర్క్‌షీట్స్("తక్‌పట్టీ").రేంజ్(సెల్స్(2, 1), సెల్స్(400, 6)) అనే వరుస ఉంది. (ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను, టైపు చేయాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.) ఇందులో రేంజ్ ఏ షీట్‌దో చెప్పారు కానీ, దాని రెండు మూలలను చూపించే సెల్స్ ఏ షీట్‌వో చెప్పలేదు. మామూలు మాడ్యూల్‌లో (ఏ షీట్‌కూ చెందని, కోడ్ రాసుకునే పేజీలో) షీట్ పేరు లేకుండా సెల్స్ అని రాస్తే, ఆ క్షణంలో తెరపై ఉన్న షీట్ గడులనే ఎక్సెల్ తీసుకుంటుంది. మన ఊరి చేను కొలవమని చెప్పి హద్దురాళ్లను పక్క ఊరి శివారులో చూపించినట్టే ఇది.

వర్క్‌షీట్ పేరును ‘విత్’ వరుసలో ఒకసారి చెప్పి, ‘ఎండ్ విత్’ వచ్చేలోగా రేంజ్‌కూ రెండు సెల్స్‌కూ ముందు చుక్క పెట్టండి. రెండు సెల్స్‌లో ఒక్కదాని ముందు చుక్క మరిచినా అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. ముందుగా తక్‌పట్టీ షీట్‌ను యాక్టివేట్ చేసి గట్టెక్కేవారు చాలామందే ఉన్నారు. తెర అటూ ఇటూ మారుతూ పని నెమ్మదించే ఆ పద్ధతిని నేను సిఫారసు చేయను. హద్దులు ఎప్పటికీ మారనివైతే రేంజ్("ఏ2:ఎఫ్400") అని ఒకే చిరునామా ఇస్తే సెల్స్ అవసరమే ఉండదు. మిర్చి సీజన్‌లో వరుసలు రోజూ పెరుగుతాయి గనుక 400కు బదులు .సెల్స్(.రోస్.కౌంట్, 1).ఎండ్(ఎక్స్ఎల్అప్).రో అని రాస్తే చివరి వరుస దానంతటదే దొరుకుతుంది. రోస్ ముందు చుక్క కూడా ముఖ్యమే: పాత ఎక్స్ఎల్ఎస్ ఫైలులో 65,536 వరుసలే ఉంటాయి, కొత్త ఫైలులో 10,48,576 ఉంటాయి, చుక్క లేకపోతే తెరపై ఉన్న ఫైలు లెక్కనే ఎక్సెల్ తీసుకుంటుంది.

ఇదే కోడ్‌ను ఖాతా షీట్ సొంత మాడ్యూల్‌లో రాసి ఉంటే, మీరు తక్‌పట్టీ షీట్‌ను తెరిచి ఉంచినా ఎర్రర్ తప్పేది కాదు. అక్కడ పేరులేని సెల్స్ ఎప్పుడూ ఆ ఖాతా షీట్‌వే అవుతాయి.

షీట్ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవడం మీకు కలిసొచ్చింది. తెలుగులో పెడితే వీబీఏ ఎడిటర్ (మాక్రో కోడ్ రాసే విండో) ఆ అక్షరాలను ప్రశ్నార్థకాలుగా మార్చేస్తుంది. అలాంటప్పుడు ట్యాబ్ పేరుకు బదులు, ప్రాపర్టీస్ విండోలో కనిపించే షీట్2 వంటి కోడ్‌నేమ్ వాడాలి. ట్యాబ్ పేరును ఎవరైనా మార్చినా అది చెక్కుచెదరదు. అయితే మాక్రో ఉన్న ఫైలులోని షీట్లకు మాత్రమే అలా నేరుగా వాడగలం.