అమ్మమ్మ పుస్తకం మొదలుపెట్టే ముందు

పశ్చిమ మాంబళం, చెన్నై

చి॥ అమ్మడికి చిన్నతాతయ్య ఆశీస్సులు.

సంవత్సరీకం నాటికి అమ్మమ్మ మీద చిన్న పుస్తకం వేయించి, భోజనాలకొచ్చిన వాళ్ళ చేతుల్లో పెడతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముందు రోజుల లెక్క చూసుకో. ఇంగ్లీషు తేదీ పట్టుకుని కూర్చుంటే ఆలస్యమైపోతుంది. తిథి ప్రకారం పది, పదకొండు రోజుల ముందే వచ్చేస్తుంది. మధ్యలో అధికమాసం పడితే మాత్రం పద్దెనిమిది, పందొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. పురోహితుణ్ణి అడిగి ఖాయం చేసుకుని, దానికి నెల ముందు ప్రెస్సుకి అందేలా పని కట్టుకో.

ఇలాంటి పుస్తకాలు ఎవరూ రెండో పేజీ దాటి చదవరు. సహనమూర్తి, అన్నపూర్ణ, ప్రేమమయి అని నింపేస్తారు కనుక. ఆ మాటలు ఏ ఇంటి ముసలమ్మకైనా అతుకుతాయి. ఎవరికి, ఏం, ఎన్నిసార్లు, ఎంత అన్నవి రాయి. 2019 ఎండాకాలంలో నీళ్ళ లారీ వస్తే అమ్మమ్మ వీధిలో వరస కట్టించేది కదా, ఇంటికి ఎన్ని బిందెలు? బాలింత ఉన్న ఇంటికి ఎన్ని? ఆ లెక్క ఎవరు రాసేవారు? అది కనుక్కుంటే పేజీ దానంతటదే నిండుతుంది. ఆంధ్ర మహిళా సభకు వెళ్ళేదని రాయబోతూ, దుర్గాబాయమ్మ (దుర్గాబాయ్ దేశ్‌ముఖ్) 1937లో దాన్ని స్థాపించిన దగ్గర్నుంచి ఎత్తుకోకు. అమ్మమ్మ ఏ వారం వెళ్ళేది, చేతిలో ఏ పని పట్టుకునేది, అంతే.

చుట్టాల్ని చివర అడుగు. మనవాళ్ళందరి దగ్గరా ఉండేవి అవే నాలుగు ముచ్చట్లు. ముందు పూలమ్మే ఆవిడ, ఇస్త్రీ బండాయన, కార్పొరేషన్ బడి ఆయా. అందులోనూ వయసు మళ్ళినవాళ్ళు మొదట. ఒక్కొక్కరినే కూర్చోబెట్టు. నలుగురు కలిస్తే గొంతున్నవాడు చెబుతాడు, మిగతావాళ్ళు తలూపుతారు. "అమ్మమ్మ ఎలాంటిది?" అనడిగితే "దేవత" అంటారు, అక్కడితో సరి. "మొదటిసారి ఏ పనిమీద మా తలుపు తట్టారు?" అని అడుగు. అమ్మమ్మ చీటీల నోటుబుక్కో, కళ్ళజోడు పెట్టో పక్కన పెట్టుకో, వస్తువు చూస్తే జ్ఞాపకం కదులుతుంది. ముప్పావుగంట మించకు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచు. కాల్ వస్తే రికార్డింగ్ మధ్యలో ఆగిపోవచ్చు. ఫ్యాను కట్టేయాలి. చెన్నైలో ఎవరూ ఒప్పుకోరు కాబట్టి పొద్దున్నే ఏడింటికి వెళ్ళు. తమిళంలో చెప్పినవాళ్ళ మాటల్లో మంచి వాక్యం దొరికితే తమిళంలోనే తెలుగు లిపిలో వేసి, కింద అర్థం ఇవ్వు.

ఏళ్ళు ఎవరికీ గుర్తుండవు. అందరికీ తెలిసిన సంఘటనలు గుర్తులుగా పెట్టు: ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953, ఎంజీఆర్ పోయిన 1987 డిసెంబరు, మద్రాసు చెన్నై అయిన 1996, సునామీ వచ్చిన 2004, వరదలొచ్చిన 2015. "దానికి ముందా, తర్వాతా?" అంటే చెప్పేస్తారు. అమ్మమ్మ పుట్టిన తేదీకి బడి రికార్డు నమ్మకు, చేర్పించేటప్పుడు నోటికొచ్చిన తేదీ రాయించేవారు. చిత్రభాను సంవత్సరం, మాఘమాసం అని ఇంట్లో చెప్పుకుంటారు. చిత్రభాను అనగానే చాలామంది 1942 అని వేసేస్తారు. కానీ ఆ ఏడాది ఉగాదితో మొదలవుతుంది గనుక మాఘం 1943లో పడుతుంది.

చీటీల పుస్తకంలో అప్పులు, ఫీజులు కట్టిన లెక్కలు ఉంటాయి. ఆ పేర్లు అడక్కుండా అచ్చు వేయకు. అప్పుడు పుస్తకాలు కొనిపెట్టించుకున్న పిల్లవాడికి ఇప్పుడు అల్లుళ్ళున్నారు. ఒప్పుకోకపోతే పేరు తీసేసి పనిని ఉంచు. ఇంకొకటి, మా వదిన, అదే మీ అమ్మమ్మ, నోరు మంచిది కాదని వీధంతా తెలుసు. అది దాచావంటే మిగతాదీ నమ్మరు. ఒక్క తిట్టయినా ఉన్నదున్నట్టు వేయి.

ఫొటోల దగ్గర తొందర వద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకున్న ఫొటోను గోటితో లాగితే బొమ్మ పొర లేచిపోతుంది. సన్నటి దారం వెనక దూర్చి మెల్లగా అటూ ఇటూ రంపంలా ఆడించు. రాకపోతే పేజీతో సహా స్కాన్ చెయ్యి. వరద నీటికి ఫ్రేము అద్దానికి అతుక్కున్నవాటిని అసలు కదపకు, అద్దం మీదనుంచే తీయించు. స్కాన్ స్పష్టత మామూలు సైజు ఫొటోకు 600 డీపీఐ, అగ్గిపెట్టె అంత వాటికి 1200. పెళ్ళి గ్రూపు ఫొటో మీద ట్రేసింగ్ కాగితం పరచి ఒక్కో తలకు నంబరు వేసి పేర్లు రాయించు. ఫొటో వెనక బాల్‌పెన్ను తగలనివ్వకు, మెత్తటి పెన్సిలే వాడు.

పుస్తకం డెమీ 1/8 సైజు, 32 పేజీలు. కాగితం మందం లోపలికి 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో రకం, అట్టకు 250 జీఎస్ఎం. సెంటర్ పిన్ను కొడతారు కాబట్టి పేజీలు నాలుగుతో భాగించబడాలి. ఫొటోలు పోను అయిదు వేల మాటలు పడతాయి. నూటయాభై ప్రతులకు డిజిటల్ ప్రింటు చాలు. తిరువల్లిక్కేణిలో వేసేవాళ్ళకు తెలుగు రాకపోవచ్చు. వర్డ్ ఫైలిస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, వాళ్ళకు తెలియదు కూడా. ఫాంట్ ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇచ్చి, కాగితం మీద ప్రూఫ్ తీయించి, క్ష, జ్ఞ, ర ఒత్తు ఉన్న మాటలన్నీ వేలుపెట్టి చూడు. మన పిల్లల్లో సగం మంది బడిలో తమిళమే నేర్చుకున్నారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళకోసం మీ అమ్మ చేత మొత్తం చదివించి ఆడియో పెట్టు.

భోజనాల దగ్గర ఒక పెన్ను, రూళ్ళ నోటుబుక్కు కూడా ఉంచు. "అసలు జరిగింది అది కాదే" అనేవాళ్ళు పుస్తకం చేతికొచ్చాకే బయల్దేరతారు.

మీ
చిన్నతాతయ్య