లండన్‌లో రాత్రి షిఫ్టు, ఆపైన క్లబ్బు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. గుంటూరు దగ్గర పల్లె. ఈస్ట్ హామ్‌లో ఉంటూ ఎమ్మెస్సీ చదువుతున్నాను. రాత్రుళ్లు రెస్టారెంట్‌లో పని. 20 గంటల జీతం బ్యాంకులో పడుతుంది, మిగతా 12 గంటలకు డబ్బు చేతికిస్తారు. వారాంతం రూమ్మేట్లతో షోర్‌డిచ్ పబ్బులు, క్లబ్బులు. పొద్దున క్లాసులకు లేవలేకపోతున్నాను. క్రెడిట్ కార్డు అప్పు 1,400 పౌండ్లయింది. పొలం తాకట్టు పెట్టి పంపిన నాన్నకు అంతా బాగుందనే చెబుతున్నాను. తాగుడు మానేస్తే సర్దుకుంటుందా?

జవాబు: తాగుడు తర్వాత చూద్దాం. ముందు ఆ 12 గంటలు ఆపండి. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు సోమవారం నుంచి ఆదివారం దాకా 20 గంటలే పని. ఈ వారం పది చేసి వచ్చే వారం ముప్పై చేస్తానంటే కుదరదు. రెండుచోట్ల చేసినా, జీతం లేకుండా చేసినా లెక్కలోకే వస్తాయి. చాలామంది బోల్తాపడేది వేసవిలో: క్లాసులు అయిపోయినా డిసర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) రాసే నెలలు మాస్టర్స్ వాళ్లకు సెలవులు కావు. దొరికితే వీసా రద్దు కావచ్చు. ఓనరు కూలి ఎగ్గొట్టినా గట్టిగా అడగలేరు. స్నేహితుడి అకౌంటుతో ఫుడ్ డెలివరీ చేద్దామని మాత్రం అనుకోకండి; ఈ వీసాకు స్వయం ఉపాధే నిషిద్ధం.

షిఫ్టులు మార్చమని అడగండి: శని, ఆదివారాలు పగలు ఎనిమిదేసి గంటలు, వారం మధ్యలో ఒక సాయంత్రం నాలుగు. అప్పుడే తొమ్మిదింటి క్లాసుకు నిద్ర మిగులుతుంది. హాజరు మరీ తగ్గితే యూనివర్సిటీ హోం ఆఫీసుకు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) చెప్పక తప్పదు, కాబట్టి వాళ్లు పిలవకముందే మీ ట్యూటర్‌కు మెయిల్ పెట్టండి. యూనివర్సిటీ కౌన్సెలింగ్ ఉచితమే, వెళ్లండి.

2026 ఏప్రిల్ నుంచి 21 దాటినవారి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. 20 గంటలకు నెలకు దాదాపు 1,100. ఇందులో అద్దె, తిండి, ప్రయాణం పోను నాలుగు వారాంతాల క్లబ్బులకు చోటు లేదు. రెండు వారాలకోసారి వెళ్లండి, 30 పౌండ్లు నగదు పట్టుకుని, కార్డు ఇంట్లో పెట్టి. అసలు జేబు ఖాళీ చేసేది రౌండ్ల పద్ధతి, అంటే వంతులవారీగా ఒక్కొక్కరూ అందరికీ కొనడం. ఐదుగురుంటే ఐదుగురికీ మీరు కొనాలి, ఐదూ మీరు తాగాలి. నాలుగు శాతం బీరు పైంటులో (పబ్బులో ఇచ్చే పెద్ద గ్లాసు) 2.3 యూనిట్లుంటాయి (ఆల్కహాల్ కొలత), ఐదింటికి 11.5. అక్కడి వైద్యులు వారానికి చెప్పే హద్దే 14. "నాది నేనే కొనుక్కుంటా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. శుక్ర, శని రాత్రులు సెంట్రల్ లైన్ మెట్రో రైలు తెల్లవార్లూ ఉంటుంది. లివర్‌పూల్ స్ట్రీట్‌లో ఎక్కి స్ట్రాట్‌ఫర్డ్‌లో దిగి బస్సు పట్టుకోండి, క్యాబ్ ఖర్చుండదు.

కార్డుకు కనీస కిస్తీ బ్యాంకు నుంచి దానంతటదే కట్టయ్యేలా డైరెక్ట్ డెబిట్ పెట్టండి, పైన ఎంత వీలైతే అంత కట్టండి. కట్టలేని పరిస్థితి వస్తే సిటిజన్స్ అడ్వైస్ అనే సేవాసంస్థ ఉచితంగా సాయం చేస్తుంది.

నాన్నగారికి ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: ఉన్న అప్పు, నెలకు తీర్చగలిగింది, తాకట్టు వడ్డీకి పంపగలిగింది. ఆయన కోప్పడతారు. పడనివ్వండి. క్లబ్బుల కథంతా చెప్పనక్కర్లేదు గానీ, అప్పు మాత్రం దాచకండి.