ట్రేల మీద బబుల్ ర్యాప్ గుంటలు: సమాధానం

మీరు వార్నిష్ వేసి అమ్మే ట్రేల మీద బబుల్ ర్యాప్ బుడగల గుంటలు పడి వెనక్కొస్తున్నాయి, ప్యాకింగ్‌లో తప్పేమిటని అడిగారు. తప్పు ప్యాకింగ్‌ది కాదండీ, చుట్టేసరికి వార్నిష్ ఇంకా గట్టిపడలేదు. పిల్లలు పడుకున్నాక రాత్రి పూత వేసి, పొద్దున్నే చుట్టి పంపేస్తున్నానన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది.

వేలికి అంటుకోకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. నీళ్లతో కలిసే వార్నిష్ గంటా రెండు గంటల్లో పైకి ఆరిపోతుంది. పూర్తిగా గట్టిపడడానికి చాలా రకాలకు 3–4 వారాలు కావాలి. డబ్బా మీద రెండు సమయాలూ విడిగా ఉంటే, మనం మొదటిదే చదివి వదిలేస్తాం.

1. పూతలు పల్చగా వేయండి. మందంగా వేసిన ఒక్క పూత కంటే పల్చటివి మూడు నయం.

2. అందరూ వదిలేసేది ఇదే: చివరి పూత వేసిన తేదీ మాస్కింగ్ టేపు మీద రాసి ట్రే అడుగున అంటించండి. డెలివరీ తేదీ ఆర్డర్ వచ్చిన రోజు నుంచి కాదు, ఆ తేదీ నుంచి లెక్కేసి చెప్పండి. ఎక్కువ అమ్ముడయ్యే డిజైన్లు ముందే చేసి పెట్టుకుంటే పిల్లలకు జ్వరమొచ్చిన వారం కూడా గడిచిపోతుంది.

3. చుట్టేముందు అడుగున ఓ మూల గోరుతో నొక్కండి. గాటు పడితే ఆగాల్సిందే.

4. ముందు బటర్ పేపర్, దానిపైన బబుల్ ర్యాప్, బుడగలు బయటివైపుకు.

ఆరబెట్టేది పిల్లలకు అందని ఎత్తులో. మావాడి అయిదు వేళ్లూ ఒక అద్దం ఫ్రేమ్ మీద ఇప్పటికీ ఉన్నాయి, అది అమ్మలేదు లెండి.

వెనక్కొచ్చిన ట్రేలు పారేయకండి. గట్టిపడ్డాక 400 నంబరు ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, ఒక పల్చటి పూత వేస్తే సరిపోతుంది.